పత్తి కుప్పలో నేర్చిన ఆట

మొన్న ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో సీటు దొరక్క నిలబడ్డాను. డ్రైవరు బ్రేకు వేసేసరికి పైనున్న కడ్డీ పట్టుకుందామని ఎడమ చెయ్యి ఎత్తబోయాను. అది భుజం దాటి పైకి లేవదని నలభై ఏళ్లకు పైగా తెలిసినా ఆ గాభరాలో ఎప్పుడూ మరిచిపోతూనే ఉంటాను. పక్కనున్న కాలేజీ అమ్మాయి లేచి సీటిచ్చి, చేతికి ఏమైందని అడిగింది. చిన్నప్పుడు పడ్డానమ్మా అన్నాను. అంతకుమించి ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

డెబ్భైలలో నేను ఆదోనిలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్‌నని చెబితే ఇప్పుడు మా ఇంట్లోవాళ్లే నమ్మరు. జట్టులో ఉండి కూడా ఒంటరిగా నిలబడే పని అది. అందరూ అవతలి చివర బంతి కోసం కొట్టుకుంటుంటే నేను ఇవతల రెండు గుంజల మధ్య ఎండలో నిలబడి చూస్తూ ఉండేవాణ్ని. బంతి ఆపితే జట్టు గెలిచినట్టు, వదిలితే నేను ఓడినట్టు.

ఆ ఆట నాకు నేర్పింది మా నాయన. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆయన అప్పటికి చూసి ఎరగడు. జిన్నింగు మిల్లులో పత్తి మోసే పని ఆయనది. వారమంతా ఆ దుమ్ము మింగి ఇంటికొచ్చి ముద్ద తిని పడుకునేవాడే గాని నాతో నాలుగు మాటలు మాట్లాడిన గుర్తు లేదు. మిల్లుకు సెలవైన ఆదివారం మాత్రం వేరే మనిషి. పత్తికి నిప్పు భయమని గేటు దగ్గర బీడీలు, అగ్గిపెట్టె వాచ్‌మన్ చేతిలో పెట్టి, నన్ను లోపలికి తీసుకుపోయేవాడు. ఇంటెత్తు పత్తి కుప్ప ముందు నన్ను నిలబెట్టి అటూ ఇటూ బంతి విసిరేవాడు. నేను వెనకా ముందూ చూడకుండా ఎగిరి, చేతులు బారజాపి పత్తిలో పడేవాణ్ని. జుట్టునిండా పత్తి అంటుకుని లేస్తుంటే ఆయన నవ్వేవాడు. మన తరంలో నాయనలు బిడ్డల ముందు ఎంత నవ్వేవాళ్లో మీకు తెలుసు కదా, అందుకే ఆ నవ్వు నాకు అంత ముఖ్యం.

డ్రిల్లు సారు నా వాటం చూసి ఒకరోజు పక్కకు పిలిచాడు. "నేల మీద పడేది నేర్చుకోరా. మ్యాచ్‌లో నీకు ఎవురు పత్తి పరుస్తారు?" అన్నాడు. సరే సార్ అన్నాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నేల మీద నేర్చుకోవాలంటే కాలేజీ గ్రౌండు చాలు, మిల్లుతో పని లేదు. మిల్లు లేకపోతే ఆదివారం లేదు, ఆదివారం లేకపోతే నాయన లేడు.

డిగ్రీ ఆఖరి ఏడు, ఎండలు ముదిరాక, ఎమ్మిగనూరులో పెద్ద మ్యాచ్ పడింది. చూడటానికి రైల్వేవాళ్లు వస్తున్నారని, వాళ్లకు మంచి గోల్‌కీపర్ కావాలని, బాగా ఆడితే ఉద్యోగం ఖాయమని సారు చెప్పాడు. నాయన పని మానుకుని, ఉతికిన పంచె కట్టుకుని, మొదటిసారి నా ఆట చూడటానికి వచ్చాడు. చివరి నిమిషాల్లో బంతి ఎడమ మూలకు వచ్చింది. పత్తిలో పడ్డట్టే పడ్డాను. కింద ఉన్నది బీటలు వారిన నల్లరేగడి. బంతి ఆగింది, మేం గెలిచాం, నా భుజం మాత్రం విరిగింది. ఉద్యోగం అవతలి జట్టు కీపరుకు పోయింది.

కట్టు కట్టే ఆయన ముందు కూర్చుని నాయన ఒకే మాట అన్నాడు. "పత్తిలో పడేది నేర్పిస్తి గాని, నేల మీద పడేది నేర్పియ్యలేదప్పా." ఆయన నా వైపు చూడలేదు. సారు ముందే హెచ్చరించాడని, వినంది నేనేనని అప్పుడే చెప్పవలసింది. నొప్పిలో ఉన్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఎముక వంకరగా అతుక్కుంది. కొన్నాళ్లకు అదే మిల్లులో పత్తి బేళ్ల మీద గుర్తులు వేసే పనిలో చేరాను. దానికి కుడి చెయ్యి చాలు. ఎనభైలలో చాలా ఏళ్లు నాయనా నేనూ ఒకే గేటు గుండా లోపలికి పోయినవాళ్లమే. నేను ఎదురుపడితే ఆయన కుప్ప చుట్టూ తిరిగి అవతలి దారిన పోయేవాడు. మధ్యాహ్నం ఆయన సద్దిమూట బేళ్లు కట్టే ప్రెస్సు గోడ దగ్గర, నాది గేటు దగ్గర. ఆదివారాలు ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. రేపు చెబుదాం, పండగకు చెబుదాం అనుకుంటూనే ఉండగా ఆయన పోయాడు. విరిగింది నా భుజమే గాని నోరు కాదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఇప్పుడు ఆ మిల్లు పడగొట్టి ప్లాట్లు వేశారు. మొన్న ఎమ్మిగనూరులో బస్సు దిగి, నా భుజం విరిగిన ఆ గ్రౌండు వైపు నడిచాను. పిల్లలు చేతులకు గ్లవుజులు వేసుకుని, పరుపులు పరుచుకుని మరీ ఒద్దికగా పడటం నేర్చుకుంటున్నారు. మంచిదే. కాసేపు గోడ పక్కన నిలబడి, వచ్చిన బస్సుకే తిరిగి వచ్చేశాను. పని మానుకున్నాక నాకు అన్నీ ఆదివారాలే, బంతి విసిరే మనిషే లేడు.