అక్క ఊరిని ఎంచిన జాబితా

కాలిపోయిన మోటారును విప్పినప్పుడు మొదట చేయాల్సిన పని పాత తీగ చుట్లు లెక్కపెట్టడం. ఎన్ని చుట్లు తీస్తే అన్ని చుట్లే మళ్లీ వేయాలి. ఆ మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక, బాన్సువాడలో నేను పనిచేసే వైండింగ్ షాపులో ముప్పై ఎనిమిదో చుట్టు దగ్గర ఉన్నాను. ఫోను మోగింది. జపాన్‌లో ఒక బ్యాండు డ్రమ్మరు పెట్టిన ఒకే వాక్యం: "అందరూ పైకి వెళ్లండి."

ఆయనదీ మా అక్క ఉంటున్నదీ ఒకే ఊరు.

అక్క అక్కడ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. వెళ్లి పది నెలలైంది. ఆ ఊరిని ఎంచింది నేనే. పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్నప్పుడు నాకు జపాన్ పాటల పిచ్చి పట్టింది. పాటల పేర్లు చదవడానికి లిపి, కొంత భాష నేర్చుకున్నాను. తర్వాత ఒక సంగతి గమనించాను: ఉత్తరాన తోహొకు ప్రాంతం నుంచి వచ్చిన బ్యాండ్లన్నిటిలో ఏదో ఒక పోలిక ఉంది. డ్రమ్ముల దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతుంది, గాయకులు చివరి పదాన్ని ముక్కుతో పట్టి వదులుతారు. అది నిజమా, నా ఊహా అని తేల్చుకోవడానికి ఒక షీటు తయారు చేశాను. పేరు, సొంత ఊరు, మొదటి పాట, వాయిద్యాలు, పాట దేని గురించి. ఐదు గడులు, ఇరవై మూడు వరసలు.

జపాన్ పనికి హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చిన వాళ్లు అక్క ముందు మూడు ఊళ్లు పెట్టి, మర్నాటికల్లా ఒకటి చెప్పమన్నారు. అక్క నాకు ఫోన్ చేసింది.

"నాకేం సమజ్ అయితలేదురా. మూడూ ఒక్కతీర్గనే కొడుతున్నయ్. గా పాటలోళ్ల ఊర్లన్నీ నీకెరుకే గద, నువ్వే జెప్పు."

నేను షీటు తెరిచి ఊళ్ల వారీగా వరసపెట్టాను. ఒక ఊరికి ఒక్క బ్యాండూ లేదు. ఇంకోదానికి ఒకటి. తీరం మీది చిన్న ఊరికి మూడు. "గంత చిన్న ఊర్ల మూడు బ్యాండ్లున్నయంటే మనుషులు మంచోళ్లే ఉంటరక్కా" అన్నాను. ఆమె ఆ ఊరే రాసిచ్చింది.

ఆ డ్రమ్మరు మాట కిందే భూకంపం వార్త కనిపించింది. అక్కకు మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు.

మోటారు మా బావది, అంటే అక్క భర్తది. కోటగిరి నుంచి ట్రాలీలో వేసుకొచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయనకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎందుకో షీటు తెరిచాను. చివరి గడి, పాట దేని గురించి అన్నది, పై నుంచి కిందికి చదివాను. సముద్రం. ఇల్లు. సముద్రం. రైలు స్టేషను. సముద్రం. ఇరవై మూడింటిలో తొమ్మిది చోట్ల సముద్రం అని వాళ్ల అక్షరాల్లో నేనే రాసుకున్నాను. ఆ తీరాన్ని ఒకసారి సముద్రం ముంచిందనీ, ఆ పాటలు ఆ తర్వాత వచ్చినవేననీ నాకు తెలుసు. తెలిసీ దాన్ని వాళ్ల అభిరుచి కింద లెక్కేశాను.

"ఏంది బామ్మర్ది, తీగ ఇడిసిపెట్టి ఫోన్ల వడ్డవ్? గాడ నా మడి ఎండుతుంది."

"బావ, అక్కకు ఒకసారి ఫోన్ జెయ్యి."

"గిప్పుడు డ్యూటీల ఉంటది."

"చెయ్యి బావ."

నా ముఖం చూసి ఫోను తీశాడు. అవతల రికార్డు చేసిన గొంతు వచ్చింది. ఫోను నా చెవికి పెట్టాడు. "ఏమంటుందామె?"

"లైన్లు కలుస్తలేవంటుంది."

ఇక దాచలేక వరసగా చెప్పాను. భూకంపం వచ్చింది. సముద్రం పొంగొచ్చని హెచ్చరిక ఇచ్చారు. అక్క సంగతి తెలియదు.

బావ గ్లాసు కింద పెట్టాడు. "సముద్రం ఎంత దూరం ఉంటది ఆమె ఉన్న కాడికి?"

నేను ఎప్పుడూ కొలవలేదు. అప్పుడు మ్యాపులో కొలిచాను. ఆరు వందల మీటర్లు.

"అంటే మన కెనాల్ కాడికెల్లి మన మడి అంత" అన్నాడు. మళ్లీ అక్క నంబరు నొక్కాడు.

నాకు చేతనైంది ఒక్కటే. చుట్లు రాసుకునే పుస్తకం వెనక పేజీలో గీతలు కొట్టి, ఇరవై మూడు బ్యాండ్ల వాళ్లూ ఏం రాస్తున్నారో టైముతో సహా ఎక్కించడం మొదలుపెట్టాను. తీరానికి దూరంగా ఉన్న ఊళ్ల వాళ్లు రైళ్లు ఆగాయన్నారు. అక్క ఊరి గాయని ఒకామె టోక్యోలో ఉంది. "అమ్మ ఫోన్ ఎత్తడం లేదు" అని రాసింది. పది నిమిషాల తర్వాత మళ్లీ అదే రాసింది. డ్రమ్మరు మాత్రం మొదటి వాక్యం తర్వాత ఏమీ పెట్టలేదు. ఆయన గడి ఖాళీగా ఉంది. ప్రతి పది నిమిషాలకూ అక్కడికొచ్చి నా పెన్ను ఆగేది.

మూడు కావస్తుండగా ఆయన నాలుగు ఫొటోలు పెట్టాడు. గుట్ట మీద బడి, దాని లోపలి ఆటల హాలు, గోడకు అంటించిన కాగితాలు. అక్కడికి చేరిన వాళ్ల పేర్లు చేత్తో రాశారు. దూరాన ఉన్నవాళ్లు చూసుకోవాలని ఆయన ఫొటో తీశాడు. జపాన్ వాళ్ల పేర్లు రాసే బొమ్మల్లాంటి అక్షరాలు చాలామటుకు నేను చదవలేను. బయటి దేశాల వాళ్ల పేర్లు మాత్రం వేరే లిపిలో రాస్తారు, ఆ అక్షరాలు నాకు వచ్చు. పెద్దది చేసి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాను. మొదటి ఫొటోలో లేదు. రెండోదాంట్లో లేదు. మూడోదాంట్లోనూ లేదు.

"ఉన్నదా?"

"ఆగు బావ."

నాలుగో ఫొటోలో, కింది నుంచి మూడో వరసలో ఉంది. అక్క పేరు, దాని పక్కన బావ ఇంటిపేరు.

"గదేనా? మంచిగ సూసినవా?"

ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివాను.

"గా పేరోళ్లు ఇంకెవరన్న ఉండొచ్చు గద."

"జపాన్ల మీ ఇంటిపేరోళ్లు ఇంకెవరుంటరు బావ."

ఆయన నవ్వలేదు. "మల్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. ఆమె గొంతు వినేదాకా నా చదువు మీద నాకూ నమ్మకం కుదరలేదు.

ఐదు దాటాక అక్కే బావకు ఫోన్ చేసింది. ఒక్క నిమిషమే. ఇద్దరు ముసలమ్మలను చక్రాల కుర్చీల్లో ఒకరి తర్వాత ఒకరిని గుట్ట ఎక్కించిందట. నీళ్లు కింది రోడ్డు దాకా వచ్చి ఆగాయట. "చెప్పులు వోయినయ్, గంతే. ఫికర్ జెయ్యకుండ్రి. మోటర్ అయిందా?" అంది. బావ "అయితుంది" అని అబద్ధమాడాడు.

ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూశాడు. "గా ఊరే ఎందుకు జెప్పినవ్ రా?"

శిక్షణ వాళ్ల మీదికి తోసేయొచ్చు. కానీ షీటు తెరిచి ఆయన చేతికిచ్చాను. ఎలా ఎంచానో చెప్పాను. ఆయన బొటనవేలితో పైకీ కిందికీ జరిపాడు.

"గీ కడాఖరి గడిల ఏం రాసినవ్?"

"పాట దేని గురించో."

"ఇది?"

"సముద్రం."

"ఇది?"

"సముద్రం."

నాలుగింటి దాకా అడిగి ఆపాడు. "వాళ్లు చెప్పనే చెప్పిండ్రు గదరా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్లి మళ్లీ మోటారు ముందు కూర్చున్నాను. ముప్పై ఎనిమిది దాకా వచ్చానని గుర్తుంది కానీ ఆ లెక్కను నమ్మలేక, తీసిన తీగంతా నేల మీద పరిచి ఒకటి నుంచి మొదలుపెట్టాను. పంతొమ్మిది దగ్గర లెక్క తప్పింది. బావ స్టూలు దగ్గరికి లాక్కుని తానే పైకి లెక్కపెట్టసాగాడు. ఇరవై ఆరు దగ్గర నా ఫోను మోగింది. డ్రమ్మరు, భూమి మళ్లీ కదిలిందని రాశాడు. గుట్ట దిగొద్దన్నాడు. నేను చదివి వినిపించేదాకా బావ ఇరవై ఆరు దగ్గరే ఆగి ఉన్నాడు.

"పైననే ఉన్నరంట బావ."

"ఇరవై ఏడు" అన్నాడు.