తోటకూర మాడిన శనివారం

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకు చెప్తున్నాను కదా అని నన్ను ఓదార్చకండి. మంచిదాన్ని అనిపించుకోవడానికి ఇది రాయడం లేదు. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పట్లో అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. చిక్కడపల్లిలో ఒక చిన్న బడి వాళ్లు పిల్లలకు సాగు గురించి, తిండి గురించి, పల్లె గురించి చెప్పేవాళ్లు కావాలన్నారు. జీతం లేదు, శనివారాలు మాత్రమే. మాది వ్యవసాయ కుటుంబం. పరీక్షలు వరసగా తప్పుతున్న నాకు, బాగా తెలిసిన ఒక్క విషయమైనా ఎవరికైనా చెప్పాలనిపించింది. వెళ్లాను.

అక్కడ సుగుణ గారు ముందు నుంచే ఉన్నారు. గాంధీనగర్‌లో ఉండే రిటైరైన లెక్చరర్. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు. బడి డాబా మీద పిల్లలతో తోటకూర, టమాటా, బీర పెంచేవారు. పొలంలో ఆమె ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా పిల్లలు ఆమె చుట్టూనే మూగేవారు. అది నాకు మింగుడుపడలేదు.

ఒకరోజు పిల్లలకు చెప్తున్నాను. "బీరతీగకు పందిరెయ్యాలె. గట్లనే ఇడిస్తే కాయ పాడయితది."

ఆమె నవ్వుతూ అందుకున్నారు. "వెయ్యాలె కాదు పిల్లలూ, వెయ్యాలి. అక్క దగ్గర పని నేర్చుకోండి, మాటలు కాదు."

పిల్లలు నవ్వారు. ఆ తర్వాత నేను డాబా మీదకు రాగానే వెనకాల ఎవరో ఒకరు "గట్ల, గట్ల" అనేవారు. ఆమె వారించలేదు. బహుశా వినలేదేమో. వినలేదని ఇప్పుడు అనుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

ఊరెళ్లినప్పుడు ఇంట్లో మిగిలిన గడ్డిమందు సీసాలో పోసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అంటే ఆవేశంలో చేసిన పని కాదు. శుక్రవారం సాయంత్రం, నీళ్లు పోసి వస్తానని చెప్పి డాబా ఎక్కి, ఆమె పెంచిన మడుల మీద చల్లాను. ఆ పొద్దునే ఆమె పురుగు పట్టకుండా వేపకషాయం కొట్టారని తెలుసు. నెపం దాని మీదకే పోతుందనీ తెలుసు. పిల్లలు ఆకులు తుంచి నోట్లో వేసుకుంటారని? అదీ తెలుసు. పొద్దున అందరికంటే ముందు నేనే వెళ్లి ఆపుతానులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు కల్పించుకుంటున్నానా? ఎందుకంటే నేను ముందు వెళ్లలేదు. ఆలస్యంగానే వెళ్లాను.

మెట్లెక్కేసరికి ఆకులు మాడి వేలాడుతున్నాయి. రెండో తరగతి అనన్య ఇంకా పచ్చగా ఉన్న ఒక కొసను తుంచి నోటి దాకా తీసుకెళ్లింది. సుగుణ గారు ఆ చేతి మీద కొట్టి ఆకు పడేశారు. కుళాయి దగ్గరకు ఈడ్చుకెళ్లి చేతులు కడిగారు. పిల్ల ఏడుస్తోంది. నేను కదల్లేదు.

తర్వాత ఆమె నా దగ్గరకు వచ్చారు.

"నువ్వు పొలంలో పెరిగినదానివి, నీకు తెలుస్తుంది. నా కషాయం ఎక్కువైందా అమ్మా?"

"ఎక్కువైనట్టే ఉంది మేడం. ఎండకు గట్లనే మాడ్తది."

"పిల్ల తినుంటే?"

నేను మాడిన మడుల వైపు తిరిగాను.

ఆమె తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లి తప్పు తనదేనని చెప్పేశారు. మళ్లీ రాలేదు. క్లాసు నాకిచ్చారు. సుగుణ టీచర్ ఎప్పుడొస్తారని పిల్లలు అడుగుతుంటే వాళ్ల మీద అరిచేదాన్ని. కొన్నాళ్లకు నేనూ మానేశాను.

మొన్న నారాయణగూడ మార్కెట్‌లో కనిపించారు. గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకున్నారు. ఇంట్లో కుండీలు కూడా తీసేయించారట, తన చేతికి మొక్కలు అచ్చిరావట. పిల్లల జోలికి అసలు పోవడం లేదట. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. జాలి కలిగిందా? కలిగింది. దాని వెనకే, అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేసిన ఆ మాట ఈమెకు గుర్తు కూడా లేదన్న కసి. ఆమె అన్నది ఒక్క మాట. నేను చేసింది? రెండూ పక్కపక్కన పెట్టి చూసే అర్హత నాకు లేదు. అయినా పెట్టి చూస్తూనే ఉంటాను.

ఆమె ఇల్లు తెలుసు. వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట కూడా ఇవ్వను. ఆమె కషాయంలో ఏ లోపమూ లేదు. విషం చల్లింది నేను. ఇన్నేళ్లలో ఈ మాట ఎక్కడా అనలేదు. అన్నాక గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక ఆమెకు దక్కాల్సింది.