గుడ్డ కింద గులకరాయి

దయ్యాలను నేను నమ్మను. సమాధి రాళ్లు చెక్కించే ఉద్యోగంలో ఆ నమ్మకం కూడా ఉంటే, ఇచ్చే జీతం చాలదు.

మస్కట్‌లోని వాడి కబీర్ అనే పేటలో మాది పాలరాయి వర్క్‌షాప్. పోయినేడాది శారా అనే యూదు పెద్దావిడ భర్త సమాధికి రాయి చేయించింది. నిలబెట్టాక దానికి గుడ్డ కప్పాలట. అయినవాళ్లు ఏడాది లోపు ప్రార్థన చదివి తీస్తారట. ఆవిష్కరణ అంటే మంత్రిగారు తాడు లాగడమే తెలిసినవాణ్ణి, దండ పట్టుకుని వెళ్లాను.

"మేం పూలు పెట్టం. గులకరాయి పెడతాం, వచ్చి వెళ్లామని గుర్తుగా," అందావిడ ఇంగ్లీషులో. దండను వ్యాన్‌కు వేశాం.

గుడ్డ తీయాల్సింది కొడుకు డేవిడ్. తండ్రితో మాటల్లేక అంత్యక్రియలకు రాలేదు. ఈ పనైనా వాడి చేతే చేయించాలని ఆవిడ పట్టుదల. చీకటితోనే కొండల అవతలి బహ్లా ఊరి నుంచి కారులో బయల్దేరాడట. కొండల్లో వాన. ఫోన్ కలవడం లేదు.

మస్కట్‌లో మాత్రం ఎండ మండుతోంది. మా మేస్త్రీ మల్లేశంది జగిత్యాల.

"సార్, అమ్మ నిలబడలేకపోతున్నది. కుర్చీ తేవాల్నా?"

"కుర్చీ ఎందుకు మల్లేశం, కొడుకును తే," అన్నాను.

చివరికి ఆవిడే ముడి విప్పి గుడ్డ లాగింది.

రాతి పైఅంచున ఓ గులకరాయి ఉంది. తడిగా, బురదతో. గుడ్డ మాత్రం పొడిగా ఉంది.

మల్లేశం నా చెవిలో, "పొద్దు పొడిచినంక నేనే తుడిచి కట్టిన సార్. పైన ఏం లేకుండె," అన్నాడు.

శారా మాత్రం నవ్వింది. "ముందే వచ్చి వెళ్లాడు. నాకు మొహం చూపించలేక." తన రాయిని దాని పక్కన పెట్టింది.

శ్మశానం నుంచి వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోవడం వాళ్ల ఆచారం. గేటు దగ్గర ఆవిడ నా చేతుల మీద నీళ్లు పోస్తుండగా తన ఫోన్ మోగింది. పోలీసులు. తెల్లవారకముందే వాగు దాటబోయి కారు కొట్టుకుపోయిందట.

ఆ తడి రాత్రి కురిసిన మంచు అనుకున్నాను. మల్లేశం మతిమరుపు అనుకున్నాను. మంచుకు బురద ఉండదు, మల్లేశానికి మతిమరుపు లేదు.

కొడుకు రాయీ మా దగ్గరే చేయించింది. గుడ్డ మేమే కట్టాం. తీసే రోజు నేను సెలవు పెట్టి, కారణం జ్వరమని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు, పొద్దుటి నుంచీ వణుకు తగ్గలేదు.