వెంకటరాయప్ప చెవుడు

చింతామణి గ్రంథాలయంలో ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కింద కూర్చునే వెంకటరాయప్ప ఉద్యోగం ముగించాడు. ఇంగ్లీషు పుస్తకాలు బీరువాలకు బీరువాలు చదివాడు గానీ, ఆ భాషలో ఒక మనిషిని పలకరించిన పాపాన పోలేదు. చిక్కబళ్ళాపురంలో ఖైదీల కుటుంబాలను ఆదుకునే ఒక సంస్థకు ఐర్లండు నుంచి మోయిరా అనే అమ్మాయి జీతం లేకుండా పనిచేయడానికి వచ్చిందనీ, ఆమె మాట జనానికీ జనం మాట ఆమెకూ చెప్పే మనిషి కావాలనీ తెలిసేసరికి, ఆయనలోని దొర నిద్ర లేచాడు.

“బోర్డు కింద నోరు మూసుకోని కూచున్న మనిషివి, నీకు మాట్లాడే పనేంది?” అంది భార్య లక్ష్మీనరసమ్మ.

ఆయన వినలేదు. అప్పటికి చెవులు బాగానే ఉన్నా, భార్య మాట వినే అలవాటు లేదు.

ఆఫీసు చూసుకునే దేవరాజ్ మొదటిరోజే హెచ్చరించాడు. “సార్, బండి మీద కన్నడంలో ‘ఆరోగ్య అరివు’, అదే ఆరోగ్యం తెలివిడి, అని మాత్రమే రాసుకుంటాం. బీపీ, షుగరు గురించి చెప్పేదానికి వచ్చినామనే అనల్ల. వీధిలో జైలు అనే మాట నోట్లోనుంచి రాగూడదు. మీరు ట్రాన్స్‌లేటరు, మీకు చెప్పాల్నా?”

“ట్రాన్స్‌లేటరు ఏందప్పా? దుబాసీ అను. మన పాత మాట, ఎంత బాగుండాదో చూడు,” అన్నాడు వెంకటరాయప్ప.

ఆ పాత మాటే కొంప ముంచింది.

బాగేపల్లిలో వాళ్ళు వెళ్ళింది మునిరత్నమ్మ ఇంటికి. ఆమె భర్త చంద్రు, బోరు నీళ్ళ దగ్గర జరిగిన కొట్లాటలో శిక్ష పడి జైల్లో ఉన్నాడు. ఇల్లు అద్దెది. యజమానురాలు అక్కయమ్మ ముందరి భాగంలోనే ఉంటుంది. నిజం తెలిస్తే సామాను వీధిలో పెట్టిస్తుందని మునిరత్నమ్మకు భయం. అందుకే చంద్రు దుబాయిలో ఉన్నాడని చెప్పుకుంది. ఈ సంగతి దేవరాజ్‌కు తెలియదు. వెంకటరాయప్పకు అసలే తెలియదు.

అక్కయమ్మ గడప దగ్గర శెనక్కాయలు ఒలుస్తూ తలెత్తింది. “ఎవరప్పా మీరు?”

“నేను దుబాసీనమ్మా,” అన్నాడాయన, ఛాతీ కొంచెం ముందుకు తెచ్చి.

“దుబాయా! అయితే మా చంద్రు బాగుండాడా?”

దుబాసీ అనడం రాక అలా అందనీ, చంద్రు సంగతి ఈమెకు తెలుసనీ అనుకున్నాడు వెంకటరాయప్ప. జైలు అనకూడదు కదా. ఆ ఒక్క నియమాన్నీ నిష్ఠగా పాటించాడు. “బాగుండాడులేమ్మా. లోపల బాగానే చూసుకుంటాండారు. వచ్చే ఏడాది విడుస్తారు.”

అక్కయమ్మ చేతిలో కాయ చేతిలోనే ఆగింది. “విడిచేదేంది? దుబాయిలో వాణ్ణి కట్టేసినారా ఏమి?”

అప్పుడే వాకిట్లోకి వచ్చిన మునిరత్నమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ ముఖం చూశాక గానీ తాను చేసిన ఘనకార్యం వెంకటరాయప్పకు అర్థం కాలేదు. అన్ని నవలలు చదివిన బుర్ర కదా, ఒక్క అబద్ధమైనా తోచకపోతుందా అని లోపల తడుముకున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

మునిరత్నమ్మకు దొరికింది. “ఆయప్పకి బ్రహ్మచెవుడు అక్కా. మనం ఒకటి అడిగితే ఆయప్ప ఇంగొకటి చెప్తాడు,” అంది, చూపులతో ఆయన కాళ్ళు పట్టుకుంటూ.

అక్కయమ్మ నమ్మీ నమ్మనట్టు దగ్గరికి వచ్చి, “ఏమప్పా, మీది యా ఊరు?” అని అరిచింది.

వెంకటరాయప్ప జీవితంలో ఎంతో గర్వంగా మోసుకొచ్చినవి రెండు: తెల్ల జుట్టు, చురుకైన బుద్ధి. అందులో రెండోదాన్ని ఆ గడపలో దించి పెట్టాడు.

“తింటినమ్మా, చిత్రాన్నం,” అన్నాడు.

అక్కయమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. పక్కింటివాళ్ళూ వచ్చి నవ్వారు. సంగతేమిటని మోయిరా మెల్లగా ఇంగ్లీషులో అడిగితే, చెవిటివాడు గనుక అదీ వినపడకూడదు. పాపం ఆ పిల్ల ఆయన చెవిలో నోరు పెట్టి ఉప్పు గురించి కేకలు వేస్తే, ఆయన వీధి వీధంతా వినేలా ఉప్పు తగ్గించమని తిరిగి కేకలు వేశాడు. దుబాసీ పదవికి అంతకన్నా వైభవం ఇంకేం కావాలి?

చెవుడు ఒకసారి వచ్చాక పోతుందా! వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలో ఆయన చెవిటాయప్పే. మోయిరాకు జీపులో అసలు సంగతి చెప్పేశాడు గానీ, ఆ చెవుడు వల్ల ఇంకొకటి జరిగింది. చెవిటి దుబాసీతో పని కాదని ఆ పిల్లే తెలుగు నేర్చుకుంది. “మాత్ర మింగితివా? నిద్ర పట్టిందా?” అని మునిరత్నమ్మను నేరుగా అడగసాగింది. వాళ్ళిద్దరూ లోపల మాట్లాడుకుంటుంటే, ఇంగ్లీషు సాహిత్యమంతా చదివిన వెంకటరాయప్ప బయట గడప మీద ఈగలు తోలుకునేవాడు.

అలా కూర్చున్న ఒకనాడు అక్కయమ్మ చేటతో వచ్చి పక్కన చతికిలబడింది. అటూ ఇటూ చూసి, ఆయనతో కాక చేటలోని కాయలతో అన్నట్టు గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

“నాకు తెలీదనుకుంటాండాది ఆ పిచ్చిది. దుబాయికి పోయినోణ్ణి చూసేదానికి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి వస్తారా ఎవరైనా? పోనీలే. నేనేం ఇల్లు ఖాళీ చేయించేదిల్లే.” ఒక కాయ పుటుక్కున ఒలిచింది. “మా కాలంలో దుబాయి యాడిది? మా ఇంటాయన బొంబాయిలో ఉండాడని చెప్పుకుంటా ఉంటి. మూడేండ్లు. ఎవరికీ చెప్పలే. చెవిటోని ముందర శంఖం గదా, నీకు చెప్తే ఏముంది.”

వెంకటరాయప్ప చదివిన పుస్తకాలన్నిటిలోనుంచీ మంచి మంచి మాటలు వరుస కట్టి నోటి దాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేశాడు.

“ఆఁ? ఏమంటివమ్మా?” అన్నాడు, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని.

“శెనక్కాయలు తింటావా అంటి!” అని అరిచింది అక్కయమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

అదొక్కటీ వినపడినట్టు ఆయన చెయ్యి చాచాడు.