రస్కుల డబ్బాలో వంకాయ మొక్క

పక్క ఫ్లాటువాళ్ళు బాల్కనీలో పాత పెయింటు డబ్బాల్లో టమాటాలు పెంచుతున్నారు. సాయంత్రం నీళ్ళు పోసినప్పుడల్లా తడిమట్టి, తుప్పు, టమాటా ఆకు కలిసిన పచ్చివాసన గోడ దాటి వస్తుంది. రాజమండ్రిలో మా సందు చివర ఉండే మేడమీది మామ్మగారు గుర్తొచ్చి నా చేతిలో పని ఆగిపోతుంది.

గోదావరి గట్టుకు దగ్గరగా, పెంకుటిళ్ళ మధ్య ఉన్న ఒకే ఒక్క డాబా ఆవిడది. ఆవిడకు నా అన్నవాళ్ళెవరూ లేరు. మా సందులో ఎవరు పోయినా, పెద్దకర్మ అయ్యాక, వాళ్ళు వాడిన చెంబునో బకెట్టునో ఇంట్లో ఉంచుకోలేక, పారేయడానికి మనసు రాక, ఆవిడకు ఇచ్చేసేవారు. ఆవిడ దాని అడుగున మేకుతో చిల్లులు పొడిచి, వరద తీశాక గట్టున మిగిలిన ఒండ్రుమట్టి నింపి, మేడమీద వరసలో ఉంచి విత్తనం పెట్టేవారు. నూనె కొట్టు తాతగారి డబ్బాలో బెండ, టైలరుగారి రేకుపెట్టెలో తోటకూర, పురుట్లో పోయిన ఎదురింటి కోడలి బిందెలో కాకరపాదు. మేం పిల్లలం ఆ వరసల మధ్య దాగుడుమూతలాడుతూ లేత బెండకాయలు తుంచుకు తినేవాళ్ళం. కోసిన కూరలను ఆవిడ ఆ ఇళ్ళకే పట్టుకెళ్ళి, "మీ నాన్నగారు పంపారండి," అని గుమ్మంలో పెట్టి వచ్చేవారు. ఎవరూ నవ్వేవారు కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా, గోదావరికి ఎర్రనీరు వచ్చిన శ్రావణంలో, నాకు టైఫాయిడ్ వచ్చింది. నన్ను ఆసుపత్రిలో చేర్చి, తమ్ముణ్ణి ఆత్రేయపురంలో అమ్మమ్మ దగ్గర వదిలి, ఇంటికి తాళం వేశారు. బతుకుతాననుకోలేదట. ఎలాగో బతికి ఇంటికొచ్చాను. జుట్టంతా ఊడిపోయింది. అమ్మమ్మ తెచ్చిన పూతరేకుల నెయ్యి వాసన అటక మీంచి దిగివస్తుంటే, నాకు మాత్రం బీరకాయ పత్యం.

కాళ్ళకు కాస్త బలం రాగానే మేడెక్కాను. వరస చివర నా రస్కుల డబ్బా ఉంది. చింతపిక్కలు దాచుకునే డబ్బా, మూతి దగ్గర సొట్ట పడింది, నాదే. దాన్నిండా మట్టి, మధ్యలో వంకాయ మొలక.

"మామ్మగారూ, ఇది నాదండి," అన్నాను.

"నీదేనమ్మా. నువ్వే తెచ్చావు కదా, వరలక్ష్మీ వ్రతం నాడు మధ్యాహ్నం. పిక్కలు మంచం కింద పోసి వచ్చానన్నావు. విత్తనం కూడా నీ చేత్తోనే పెట్టావు."

వ్రతం నాడు నేను ఆసుపత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా ఉన్నాను. నా పక్కనే కూర్చుని అమ్మ ఆ ఏడు వ్రతమే చేసుకోలేదు. ఇంటికెళ్ళి మంచం కింద వంగి చూశాను. గోడవార చీకట్లో చింతపిక్కలు కుప్పగా పోసి ఉన్నాయి.

అమ్మకు చెప్పాను. బియ్యంలో రాళ్ళేరుతున్న చేతులు ఆగిపోయాయి. చాట అలాగే వదిలేసి నాతో మేడెక్కి, ఆ మొలక వంక చాలాసేపు చూసింది.

"దీన్ని మా ఇంటికి తీసుకెళ్తానండి, అత్తయ్యగారూ," అంది మామ్మగారితో.

"కదపకమ్మా. ఇప్పుడే వేళ్ళూనుకుంటోంది."

"మరి నన్నేం చెయ్యమంటారండి?"

"ఎండిపోనివ్వకు," అన్నారావిడ.

ఆ రోజు నుంచి అమ్మ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పట్టుకుని మేడెక్కేది. తుఫాను పట్టినప్పుడు డబ్బాకు గొడుగు పట్టి, తను తడుస్తూ కూర్చుంది. నాన్న వచ్చి పిలిచినా దిగలేదు.

కార్తీకంలో కాయలు దిగాయి. అమ్మ వాటిని అల్లం, పచ్చిమిరపకాయల ముద్ద వేసి వండింది. పూతరేకునైనా నాకూ తమ్ముడికీ సమానంగా విరిచిపెట్టే మనిషి, ఆ కూర నాకొక్కదానికే వడ్డించింది. తమ్ముడు చెయ్యి పెట్టబోతే ఆ చేతిమీద కొట్టింది.

"అది అక్కది. ముట్టుకోకు."

తనూ రుచి చూడలేదు. ఆఖరి కాయ వరకూ, తొడిమతో సహా, నా చేత తినిపించింది. తర్వాత మొక్క దానంతటదే ఎండిపోయింది. డబ్బాను అమ్మ గోదావరిలో వదిలేసి వచ్చింది. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడా డాబా లేదు, పెంకుటిళ్ళూ లేవు. మామ్మగారు పోయాక ఆవిడ వస్తువులు ఎవరికివ్వాలో సందులో ఎవరికీ తోచలేదట. పోయినవాళ్ళ సామాను ఈ రోజుల్లో పొద్దున్నే మున్సిపాలిటీ చెత్త ఆటోలో వెళ్ళిపోతోంది. మొన్న మాఘంలో అమ్మ పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు తమ్ముడు అమ్మ నీలం బకెట్టు గేటు దగ్గర పెడితే, ఆటో వచ్చేలోగా తీసుకుని నా ఇంటికి తెచ్చేసుకున్నాను. అడుగున చిల్లులు పొడిచాను, మట్టి నింపాను. ఏ విత్తనం పెట్టాలో తెలియక, రోజూ వట్టి మట్టికే నీళ్ళు పోస్తున్నాను.