నర్సయ్య మామ షాట్ కొట్టేలోపు

భివండి పక్కన కాశేలిలో నేను పనిచేసే గోదాము మేడమీది గదిలో ఆ మధ్యాహ్నం ఉన్నవి: ఒక పూల్ బల్ల, రెండు స్టిక్కులు, తిండి ముగించిన ముగ్గురు ప్యాకర్లు, కన్వేయర్ల మరమ్మతు చూసే నేను, కిటికీ అంచున అరిగిపోయిన నీలం చాక్ ముక్క. ఒక ప్యాకర్ ఆ చాక్‌ను స్టిక్కు కొనకు రుద్దాడు. ఆ కిర్రుమనే చప్పుడు, ఆ పొడి వాసన తగలగానే నర్సయ్య మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా నాలో మొదట కదిలింది దుఃఖం కాదు, అసూయ.

మామ మాకు చుట్టం కాదు. మా నాన్నను మేం బాపు అంటాం. బాపూ, ఆయనా సిరిసిల్ల నుంచి కలిసి భివండి వచ్చి, ఒకే షెడ్డులో మరమగ్గాలు నడిపి, తర్వాత అక్కడే కామత్‌ఘర్‌లో చెరో షెడ్డు పెట్టుకున్నారు. మగ్గాలకు శుక్రవారం సెలవు. ఆ రోజు నూలు దుకాణం మీదున్న స్నూకర్ హాల్లో మామ ఆడేవాడు, బాపు బెంచీ మీద కూర్చుని చూసేవాడు. ఆడేవాడు అన్నాను గానీ, చూసినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. ముందు బల్ల చుట్టూ ప్రదక్షిణ. తర్వాత చాక్. తర్వాత వంగడం. గురి కుదిరిందని మనం ఊపిరి బిగపడితే, ఆయన లేచి నిలబడి, బాపు వైపు తిరిగి, తీరిగ్గా అంగీ చేతులు మడుచుకునేవాడు. మళ్లీ ప్రదక్షిణ.

“మామా, కల్యాణ్ నాకా కాడ ట్రాఫిక్ గూడ కదిలిందట. నువ్వెప్పుడు కదుల్తవ్?” అనేవాడు హాలు నడిపే శ్రీను.

“తొందరుంటే ఆటో ఎక్కి పో,” అనేవాడు మామ, బంతి మీంచి కన్ను తీయకుండా.

“చాయ్ మీద మీగడ కట్టింది.”

“పక్కకు వెట్టు. షాట్ అయినంక తాగుత.”

“గీ యాడాదిల అయితదా?”

బాపు ఇంట్లో పప్పు ఉడికేదాకా ఆగలేని మనిషి. ఆయన నోట ఎప్పుడూ ‘జల్దీ’ అన్న మాటే. డిప్లొమా చదివే రోజుల్లో హాస్టల్ నుంచి ఫోన్ చేసే ముందు నేను చెప్పాల్సినవి వరుసగా పేర్చుకునేవాణ్ని: పరీక్షలు, మెస్సు, మోటారు ప్రాజెక్టు. “తిన్నవా? మంచిది. ఉంట మరి,” అని ఆయన పెట్టేసేవాడు. మొదటి అంశం దాటిన రోజు లేదు. అలాంటి మనిషి ఒక ఎర్ర బంతి గుంటలో పడడం చూడడానికి పూటంతా ధారపోసేవాడు. మధ్యమధ్య భుజాలు అదిరేలా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకు తెలిసేది కాదు. మామ చేతులు మడుచుకుంటూ పెదవులు మాత్రం కదిపేవాడు. మగ్గాల చప్పుడులో గొంతు పనికిరాదు కాబట్టి షెడ్డులో అందరూ అలాగే మాట్లాడుకుంటారు. నాకది రాదు. నన్ను షెడ్డు గడప తొక్కనివ్వకుండా చదివించింది బాపే.

చదువు ముగించి వచ్చాక ఒక శుక్రవారం మామతో ఆటకు దిగాను. గెలవాలని కాదు. ఆ బెంచీ మీద మనిషి ఒక్క ఆట నన్ను చూడాలని. కోణాలు నాకు తెలుసు, చెయ్యి కుదురు. నాలుగు బంతులు టకటకా గుంటల్లో వేసి తలెత్తితే, బాపు మామ పెదవులకేసి చూస్తూ నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

“బాపూ, జర నా ఆట గూడ చూడరాదు! గా మామ నీకేం వెట్టిండు?” అని అరిచాను.

బాపు నా వైపు తిరిగాడు. “ఆఁ, తిన్న తిన్న,” అన్నాడు.

హాలంతా గొల్లుమంది. మామ మాత్రం నవ్వలేదు. చాక్ బల్ల అంచున పెట్టి, నా భుజం పట్టి పక్కకు తీసుకెళ్లాడు.

“ఆయన చెవులను మగ్గాలు తిన్నయి బిడ్డా. నీకు చెప్పలేదా? ఫోన్ల ఆయనకు సప్పుడొస్తది గని మాట రాదు. గందుకే తిన్నవా అని అడిగి పెట్టేస్తడు.”

“నాకెవ్వరు చెప్పలే.”

“చెప్తే చదువిడిచి షెడ్ల కూసుంటవని భయం. నీ నోరు సూస్తే మగ్గంల షటిల్ లెక్క ఉర్కుతది. ఎట్ల వట్టుకుంటడు? మొఖం ఎదురుంగ వెట్టు, మెల్లగ అను.” తర్వాత చిన్నగా అన్నాడు: “షాట్ కొట్టేటప్పుడు హాల్ల అందరు గమ్మునుంటరు. అందరు గమ్మునుంటే నీ బాపు అందరసొంటి మనిషే. నేనెందుకు జల్ది కొడ్త?”

నేను వెళ్లి బాపు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా, పెదవులతో అన్నాను: “నా ఆట చూడు.” ఆయన కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు కదిపి ఏదో జవాబు చెప్పాడు. నాకు ఒక్క ముక్క అందలేదు. మామ వైపు తిరిగాను.

“‘చూస్తనే ఉన్న. నువ్వే మస్తు జల్ది అయిపోగొడ్తున్నవ్’ అంటున్నడు,” అని చెప్పి మామ మళ్లీ వంగాడు. వంగి, లేచి, చేతులు మడుచుకున్నాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఆట కాదు. ఎదుటి మనిషికి నా మొహం పూర్తిగా ఇచ్చి, మాటకు మాటకు మధ్య చోటు వదలడం. గోదాములో ప్యాకర్లతోనూ ఇప్పుడు అలాగే మాట్లాడతాను. సాయంత్రం బాపూ, నేనూ గుమ్మంలో ఎదురెదురుగా కూర్చుంటాం. పరీక్షలు, మెస్సు, మోటారు ప్రాజెక్టు అన్నీ చెప్పేశాను. ఆయన పెదవులు చదవడం కూడా వచ్చింది. కానీ భుజాలు అదిరే ఆ నవ్వు నా మాటకు ఇంతవరకు రాలేదు. “నర్సయ్య ఉంటే ఏమనేటోడో ఎరుకేనా,” అని ఆయనే మొదలుపెట్టి, తనే నవ్వుకుంటాడు. చనిపోయిన మనిషి మీద కుళ్లుకోవడం బాగుండదని తెలుసు. తెలిసినా తగ్గదు.

నిన్న మేమిద్దరం ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడుకున్నాం. అందులో పందొమ్మిది మామ గురించి.