ఎంకటి తెచ్చిన దయ్యాల బుట్ట

ఆర్మూరు మండీలో పసుపు కొమ్ములూ తల్లిదుంప గోళాలూ వేరుచేసే ఆడవాళ్లు ముత్తవ్వ చేతివేగం గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆమె పెరటి గోడ మీది చెట్టు సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్తారు.

ఆ చెట్టు తెచ్చింది ఆమె తమ్ముడు ఎంకటి, మిలిటరీలో డ్రైవరు. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచింది ముత్తవ్వే. ఎనభై ఎనిమిదిలో సెలవు మీద వస్తూ, మేఘాలయ కొండల నుంచి ఒక డాల్డా డబ్బాను రైల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. అందులో మొక్క. ఆకు కొసన తీగ, తీగ చివర చిన్న కల్లుముంత లాంటిది, దానికో మూత.

"ఇదేం చెట్టురా తమ్మీ, ఆకుకు ముంత గాసింది?"

"చీమలను, ఈగలను తింటదక్కా. గక్కడోళ్లు దయ్యాల బుట్ట అంటరు దీన్ని."

"మంచిగనే ఉంది. చీర తెమ్మంటే దయ్యాన్ని తెచ్చినవ్."

"చీరైతే చినుగుతది. ఇది నేను మళ్లొచ్చేదాక ఉంటది. వాననీళ్లే పొయ్యి. ఎరువు ముట్టియ్యకు. దాని తిండి అదే చూసుకుంటది."

తొంభైలో కాగితం వచ్చింది. బండి లోయలో పడిందట. కింద ఏరు. ముగ్గురు దొరికారు, ఎంకటి దొరకలేదు. చావు కబురు వింటే తలమీద నీళ్లు పోసుకోవాలి కదా, ఇంటిల్లిపాదీ పోసుకున్నారు. ముత్తవ్వ పోసుకోలేదు. వాడొచ్చేదాకా ఉంటుందన్న చెట్టు పచ్చగా ఉంది, కాబట్టి వాడూ ఎక్కడో ఉన్నాడు. అంతే ఆమె లెక్క. పిట్టకు పెట్టనివ్వనూ లేదు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి, అప్పుడు వాళ్లు తిన్నట్టు. బతికున్నవాడికి అదెట్లా పెడతారని అడిగేది.

అయితే ఆ కాగితం వచ్చినప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగితే ఆమెకు ముంతల్లోంచి సన్నటి చప్పుడు వినిపించేది. ఏదో లోపలి గోడను గీరుతూ ఎక్కుతుంది. జారుతుంది. మళ్లీ ఎక్కుతుంది. లోయలో పడ్డవాడు కూడా ఇట్లాగే ఎక్కబోయాడేమో అనిపించేది. ఓర్చుకోలేక ప్రతి ముంతలోనూ ఒక చీపురుపుల్ల దించింది, పడిన చీమ పట్టుకుని పైకి రావడానికి.

చెట్టు పాలిపోసాగింది. ముత్తవ్వకు ఎంకటి చెప్పిన మాట మతికే లేదు. పసుపు పండే ఊళ్లో పుట్టిన మనిషి, ఎరువు అడగని చెట్టు ఉంటుందని ఎట్లా నమ్ముతుంది? పెంటఎరువు వేసింది, గుప్పెడు యూరియా చల్లింది, బోరునీళ్లు పోసింది. ఆకులు అంచుల నుంచి నల్లబడ్డాయి. ఒక్క ముంత మిగిలింది.

పక్కింట్లో బీడీలు చుట్టే షహర్బానో గోడ మీంచి తొంగిచూసింది.

"ముత్తవ్వా, గా పుల్లేంది అండ్ల?"

"చీమలెక్కి రానీకే."

"వారీ నీ ప్రేమ సల్లగుండ. నోట్లకెల్లి బువ్వ గుంజుతున్నవ్, కాళ్లకేమో పెంట రాస్తున్నవ్. ఎట్ల బతుకుతది?"

"చేన్ల పసుపుకు ఏస్తలేమా?"

"ఇది పసుపా? నీ తమ్ముడు నా ముంగటనే చెప్పిండు, ఎరువు ముట్టియ్యకు అని."

ముత్తవ్వ డబ్బాను గోడ మీంచి దించింది. ఇద్దరూ కలిసి చెట్టు వేళ్లు కడిగి, ఇసుకా కొబ్బరిపీచూ కలిపి నాటారు. రేకుల మీది వానను కాగులో పట్టారు. పుల్లను షహర్బానోయే తీసిపారేసింది. ఆ వానకాలం పోకముందే కొత్త ముంత మూత విప్పింది.

పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు చిన్నాయన లచ్చన్న వచ్చాడు. "మూడేండ్లాయె బిడ్డా. పోరనికి ఆకలైతుందో ఏమో. పిట్టకు పెట్టు."

"పెడత చిన్నాయినా. పిట్ట ముట్టకుంటే మాత్రం మళ్ల నా ముంగట ఈ ముచ్చట తియ్యద్దు."

అన్నం, చేపలకూర విస్తరిలో పెట్టి, చెట్టు పక్కనే గోడ మీద ఉంచింది. రెండు కాకులు వచ్చాయి. విస్తరి చుట్టూ నడిచాయి. చూశాయి. ఎగిరిపోయాయి. ఎంతసేపు చూసినా మళ్లీ రాలేదు.

"చూసినవా? వాడున్నడు," అంది ముత్తవ్వ. మూడేళ్లలో ఆ నవ్వు ఎవరూ చూడలేదు.

లచ్చన్న విస్తరి వైపే చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. విస్తరి అంచు నుంచి చీమల బారు బయలుదేరింది. నోట మెతుకు ముక్కలతో గోడ వెంట నడిచి, డబ్బా ఎక్కి, తీగ పట్టుకుని, ముంత మూతి దాకా పోతోంది. ముందున్న చీమ మెతుకుతో సహా లోపలికి జారింది. దాని వెనకది కూడా.

గీరుడు మొదలైంది.

ముత్తవ్వ చెయ్యి చీపురు మీదికి పోయింది. పుల్ల విరిచింది. ముంత దాకా తెచ్చి ఆగింది. లోపల ఎక్కుతోంది, జారుతోంది. ఆమె పుల్ల దించలేదు. చప్పుడు ఆగేదాకా అట్లాగే నిలబడింది.

"తిన్నడు చిన్నాయినా," అంది మెల్లగా. "కాగుల నీళ్లున్నయి. జర నా నెత్తి మీద పొయ్యి."